అమ్మబోతే అడవి

న్యూఢిల్లీ: పార్లమెంటు ప్రశ్నలలో రెండు జాతులున్నవి. నక్షత్రపు గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో లేచి నిలబడి జవాబు చెప్పాలి; అనుబంధ ప్రశ్నలకు తట్టుకోవాలి. ఆ గుర్తు లేని ప్రశ్నలకు జవాబులు కాగితాల మీదనే సభకు సమర్పితమవుతవి. వాటిని చదివేవారు బహు తక్కువ. కాని దేశం పరిస్థితి తెలియాలంటే మాత్రం ఆ కాగితాలనే తిరగవేయాలి. 2025 జూలైలో అటువంటి ఒక జవాబును హోం శాఖ సహాయమంత్రి శ్రీ బండి సంజయ్ కుమార్ లోక్‌సభకు సమర్పించారు. సైబర్ మోసాలలో దేశప్రజలు 2023లో పోగొట్టుకొన్న సొమ్ము రూ. 7,465 కోట్లు కాగా, 2024లో అది రూ. 22,845 కోట్లకు చేరిందని అందులో ఉన్నది. ఒక్క సంవత్సరంలో మూడింతలు! ఫిర్యాదుల సంఖ్య సైతం 24 లక్షల నుండి 36 లక్షలు దాటింది.

ఈ లెక్కలో పెట్టుబడుల ఆశ చూపిన మోసాలున్నవి, 'డిజిటల్ అరెస్టు' బెదిరింపులున్నవి. అవి పత్రికల మొదటి పుటలకు ఎక్కుతున్నవి. పుటకెక్కని మోసం మరొకటి ఉన్నది. ఇంట్లోని పాత వస్తువును ఇంటర్నెట్‌లో అమ్మజూపిన సామాన్యుడిని, కొంటానని వచ్చినవాడు దోచుకొనిపోవడం. పోయే సొమ్ము ఐదు వేలో, ఇరవై వేలో. అందుకే దాని గురించి ఎవరూ కేకలు వేయరు. 'అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి' అన్న సామెతలో మొదటి సగం ఇంత అక్షరసత్యమైన కాలం మరొకటి లేదు.

జవాబు సమర్పించిన మంత్రి కరీంనగర్ సభ్యుడు కావడం యాదృచ్ఛికమే. కాని ఆ యాదృచ్ఛికత నా ఆలోచనను గుజరాత్ వైపు మళ్ళించింది. కరీంనగర్ ప్రాంతం నుండి బయలుదేరిన మనవారు వేలాదిగా స్థిరపడిన ఊరు ఒకటి అక్కడ ఉన్నది. అది సూరత్, అందునా లింబాయత్.

పట్టాలకు తూర్పున

సూరత్ నగరంలో రైలుపట్టాలకు తూర్పున ఉన్నది లింబాయత్. వజ్రాల వ్యాపారుల సూరత్ వేరు, ఈ సూరత్ వేరు. ఇరుకు సందులు, మేడమీద మేడగా పెరిగిన ఇళ్ళు, వానాకాలంలో పొంగే మీఠీ ఖాడీ అనే కాలువ. ఖాందేశ్ నుండి వచ్చిన మరాఠీలు, ఉత్తరప్రదేశ్, బీహారు, ఒడిశాల నుండి వచ్చిన శ్రామికులు, వారి మధ్య తెలుగువారు. తెలుగువారిలో ఎక్కువమంది పద్మశాలీలు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాలలో చేతిమగ్గం కూడు పెట్టలేనప్పుడు షోలాపూర్, భీవండీ, సూరత్‌ల దారి పట్టిన కుటుంబాలు అవి. సిరిసిల్లలో సాంచాలని పిలిచే మరమగ్గాల మీద మగవారు పనిచేస్తే, ఆడవారు ఇంటివద్ద కూర్చొని చీరలకు లేసు కుట్టడం, రాళ్ళు అతకడం వంటి జాబ్‌వర్కు చేస్తారు. సూరత్ నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడ ఉన్నదంటే ఇక్కడి మనవారి సంఖ్యను ఊహించుకోవచ్చును.

రాజకీయాల మీద మక్కువ గల పాఠకులకు ఇక్కడ ఒక చిన్న విశేషం చెప్పాలి. 2024 లోక్‌సభ ఎన్నికలలో సూరత్ నియోజకవర్గంలో పోలింగే జరుగలేదు. నామినేషను పత్రం మీది సంతకాలు తమవి కావని కాంగ్రెసు అభ్యర్థిని ప్రతిపాదించినవారే చెప్పడంతో అతని నామినేషను తిరస్కృతమైనది; మిగిలినవారు విరమించుకొన్నారు; భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ఏకగ్రీవంగా గెలిచినట్లు ఏప్రిల్ 22న ప్రకటించారు. అయితే లింబాయత్ ప్రజలు ఓటు వేశారు. నగరం సూరతే అయినా, లింబాయత్ అసెంబ్లీ నియోజకవర్గం నవసారి లోక్‌సభ స్థానంలో ఉన్నది. అక్కడినుండి గెలిచిన శ్రీ సి.ఆర్. పాటిల్ కేంద్రంలో జలశక్తి మంత్రి అయ్యారు. సంతకం తమది కాదన్న ఆ ప్రతిపాదకుల ముచ్చటను పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. దానితో పని పడుతుంది.

లింబాయత్ వంటి పేటలో పాత వస్తువు అమ్మడం విలాసం కాదు, అవసరం. జీఎస్‌టీ వచ్చిన 2017 తరువాతి సంవత్సరాలలో సూరత్‌లో ఎన్నో మరమగ్గాలు పాత ఇనుముగా తూకానికి పోయినవి. పని తగ్గితే కుట్టుమిషను అమ్ముతారు; పిల్ల పెండ్లికి మోటారుసైకిలు అమ్ముతారు; స్వగ్రామానికి తిరిగి వెళ్ళేవారు బీరువాను, మంచాన్ని రైలులో వేసుకొని పోలేక అమ్ముతారు. పూర్వం పాతసామాన్ల దుకాణానికి పోయేవారు. ఇప్పుడు చేతిలో ఫోను ఉన్నది. ఓఎల్‌ఎక్స్‌లోనో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో బొమ్మ పెట్టి, ధర వ్రాసి, ఫోను నంబరు ఇస్తే చాలు. ప్రపంచమంతా గిరాకీయే. ప్రపంచమంతా అంటే అందులో దొంగలు కూడ ఉన్నారు.

పాత మాట, క్రొత్త మోసం

సూరత్ బట్టల బజారులో 'ఉఠమణా' అనే మాట చాలా పాతది. బయటి ఊరి వ్యాపారి వస్తాడు. మొదట కొద్ది సరుకు కొని రొక్కం చెల్లిస్తాడు. మరికొంత కొని సకాలంలో చెల్లిస్తాడు. నమ్మకం కుదిరిన తరువాత పెద్ద సరుకు అరువుకు ఎత్తుకొని, ఒక తెల్లవారుజామున దుకాణానికి తాళం వేసి మాయమవుతాడు. రింగురోడ్డు బజారులో పెద్ద షావుకారు మొదలు చిన్న నేతగాడి వరకు ఆ మాట వింటే ఉలిక్కిపడతారు. కనుక కొనేవాడు అమ్మేవాడిని ముంచడం సూరత్‌కు క్రొత్త కాదు.

క్రొత్తదేమిటంటే వేగం. ఉఠమణా చేసేవాడు నమ్మకం సంపాదించడానికి నెలల తరబడి పాటుపడేవాడు. అతని ముఖం నలుగురికి తెలిసి ఉండేది. నేటి మోసగాడికి పది నిమిషాలు చాలు. ముఖంతో పనే లేదు. పైగా పూర్వపు దొంగ సరుకు ఎత్తుకుపోయేవాడు. ఇతనికి మీ కుట్టుమిషను అక్కరలేదు. దాన్ని చూడనైనా చూడడు. అతనికి కావలసింది మీ బ్యాంకు ఖాతాలోని సొమ్ము. సామాన్యులకు అంతుపట్టనిది ఈ ఒక్క సంగతే. అమ్మేవాడు తన సరుకును కాచుకొంటూ కూర్చుంటే, దొంగ వెనుక గుమ్మంగుండా పెట్టె దగ్గరకు పోతున్నాడు.

సైనికుడి వేషం

ఈ నాటకంలో వేషాలు కొన్నే. నాకు ఎదురైనదే చెబుతాను. ఇక్కడ ఢిల్లీలో ఇల్లు మారినప్పుడు ఒక పాత వ్రాతబల్లను అమ్మకానికి పెట్టాను. గంట తిరగకముందే ఒక 'కెప్టెను' గారి సందేశం వచ్చింది. జైసల్మేరులో ఉన్నారట, ఢిల్లీకి బదిలీ అయిందట. బల్ల కొలతలు అడగలేదు. కలప ఏమిటని అడగలేదు. ధరలో రూపాయి తగ్గించమనలేదు. సైనిక దుస్తులలో ఉన్న ఫోటో, గుర్తింపు కార్డు ఫోటో అడగకుండానే పంపారు. కొద్దిసేపటికి ఒక ఈమెయిలు. 'మీ ఖాతాకు సొమ్ము జమ చేయడమైనది. సరుకు రవాణా రసీదు నంబరు పంపిన వెంటనే విడుదల కాగలదు. రవాణాదారుకు కిరాయి మీరు చెల్లించిన పక్షంలో ఆ మొత్తం కూడ కలిపి ఇవ్వబడును' అని చక్కని ఆంగ్లంలో ఉన్నది. పైన ఒక బ్యాంకు ముద్ర సైతం ఉన్నది.

కెప్టెను గారికి నేను ఒకే జవాబు వ్రాశాను: 'ఢిల్లీ కంటోన్మెంటులో మీ మిత్రులెవరైనా ఉంటారు గదా! వారిని నగదుతో పంపండి. బల్ల సిద్ధంగా ఉన్నది.' ఆ తరువాత కెప్టెను గారి జాడ లేదు. ఢిల్లీలో కంటోన్మెంటు ఉన్న సంగతి వారి నాటకంలో లేనట్లున్నది.

ఇందులో గమనించవలసినవి మూడు. మొదటిది, బేరమాడని గిరాకీ. పాత వస్తువు కొనేవాడు చూడాలి, తట్టాలి, సగానికి అడగాలి, అది లోకరీతి. చూడకుండా అడిగినంత ఇస్తానన్నవాడు మీ వస్తువును కొనడానికి రాలేదు. రెండవది, అడగకుండానే చూపిన గుర్తింపు. సైనికుడంటే మనకు గౌరవం కనుకనే దొంగ ఆ వేషం ఎంచుకొంటాడు. మూడవది, ఆగిపోయిన సొమ్ము. ఏ బ్యాంకూ అమ్మేవాడి రవాణా రసీదు కోసం సొమ్ము చేతపట్టుకొని కూర్చోదు. సొమ్ము వచ్చిందా లేదా అన్నది మీ ఖాతా చెప్పాలి గాని, ఉత్తరం కాదు. మోసగాడు పంపిన లింకు ద్వారా కాక, మీరు స్వయంగా మీ బ్యాంకు యాప్ తెరిచి చూస్తే నిజం బయటపడుతుంది.

ఈమెయిలు చదివే పద్ధతి

ఆంగ్ల సాహిత్యం చదువుకొన్నవాడిగా ఒకప్పుడు నేను ఇటువంటి ఉత్తరాలను వ్యాకరణ దోషాల వల్ల పట్టుకొనేవాడిని. ఆ రోజులు వెళ్ళిపోయినవి. నేడు కృత్రిమ మేధ ఏ దొంగకైనా నిర్దుష్టమైన ఆంగ్లాన్ని వ్రాసిపెడుతున్నది. ఆమాటకు వస్తే తెలుగును కూడ. కనుక భాషను బట్టి మనిషిని నమ్మడం, నమ్మకపోవడం రెండూ వ్యర్థమే. చూడవలసింది చిరునామా.

పంపినవారి పేరు దగ్గర ఎవరు ఏదైనా వ్రాసుకోవచ్చును. నేను 'రిజర్వు బ్యాంకు' అని వ్రాసుకొన్నా ఆపేవారు లేరు. 'ఎట్' గుర్తు తరువాత ఉన్న భాగమే అసలు ఊరు. పేరు దగ్గర బ్యాంకు అని ఉండి, ఆ గుర్తు తరువాత జీమెయిల్ అని ఉంటే అది బ్యాంకు ఉత్తరం కాదు. అక్కడ కూడ బ్యాంకు పేరును ముందుపెట్టి చివర మరేదో తగిలించడం దొంగల ఆనవాయితీ. కనుక చివరి నుండి వెనుకకు చదవడం అలవాటు చేసుకోవాలి. మన బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబరు 31లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే ముగింపునకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అది మేలైన చర్యే. కాని చిరునామా సరిగా కనిపించినంత మాత్రాన ఉత్తరం నిజమని చెప్పలేము; పంపినవారి చిరునామాను సైతం అనుకరించవచ్చును. కనుక ఉత్తరం ఎంత ముచ్చటగా ఉన్నా, చివరి సాక్ష్యం మీ ఖాతాయే.

మరొక గుర్తు. దేశంలోనే ఉన్న గిరాకీ 'పేపాల్' ద్వారా సొమ్ము పంపానని ఉత్తరం చూపితే అది అబద్ధమని వెంటనే గ్రహించవచ్చు. భారతదేశంలో దేశీయ చెల్లింపులను ఆ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుండి మానుకొన్నది. అమెరికాలోని మనవారికి ఇదే మోసం 'జెల్' పేరుతో ఎదురవుతున్నది. ఉద్యోగం మారి, ఊరు మారి, ఇంటిసామాను అమ్ముకొనే తెలుగు కుటుంబానికి ఒక ఉత్తరం వస్తుంది: మీది వ్యక్తిగత ఖాతా, దానిని వ్యాపార ఖాతాగా మార్చడానికి కొన్నవారు అదనంగా సొమ్ము పంపారు, ఆ అదనాన్ని వారికి తిరిగి పంపండి అని. అదనం లేదు, అసలూ లేదు. తిరిగి పంపినది మాత్రం నిజమైన సొమ్ము. ఎక్కువ ఇచ్చి తిరిగి అడగడం ప్రపంచమంతటా పాత ఎత్తే. పూర్వం చెల్లని చెక్కులతో చేసేవారు.

నైజీరియా శిక్షాస్మృతిలో ఈ జాతి మోసానికి వర్తించే సెక్షను 419. అందుచేత ప్రపంచమంతటా ఈ ఉత్తరాలకు 'ఫోర్-వన్-నైన్' అనే పేరు స్థిరపడింది. 2024 వరకు అమలులో ఉండిన మన భారత శిక్షాస్మృతిలో సైతం మారువేషపు మోసానికి శిక్ష చెప్పిన సెక్షను 419 కావడం విచిత్రం!

రావడానికి పిన్ అక్కరలేదు

అయితే లింబాయత్‌లో ఈమెయిలు చూసేవారికన్న యూపీఐ వాడేవారు ఎక్కువ. అక్కడ మోసం మరింత సూటిగా ఉంటుంది. కుట్టుమిషను అమ్మకానికి పెట్టిన ఒక ఇల్లాలిని ఊహించుకొందాము. గిరాకీ ఫోను చేసి, 'అక్కా, మిషను బాగున్నది, ఇప్పుడే డబ్బు పంపుతా'నంటాడు. నమ్మకం కోసం ముందుగా పది రూపాయలు నిజంగానే పంపుతాడు. తరువాత ఒక క్యూఆర్ కోడ్ పంపి, 'ఇది స్కాన్ చేసి మీ పిన్ కొట్టక్కా, మిగతాది వస్తుంది' అంటాడు. ఆమె స్కాన్ చేస్తుంది, పిన్ కొడుతుంది. ఆరు వేలు వస్తవనుకొంటే ఆరు వేలు పోతవి. 'అయ్యో, పొరపాటు జరిగింది, మళ్ళీ కొట్టండి, రెండూ కలిపి వస్తవి' అని మరో కోడ్ పంపుతాడు. కంగారులో ఆమె మళ్ళీ కొడుతుంది.

సొమ్ము పుచ్చుకోవడానికి పిన్ అక్కరలేదు, స్కాన్ చేయనక్కరలేదు. పిన్ అంటే సంతకం. సంతకం పెట్టేది ఇచ్చేవాడే గాని, పుచ్చుకొనేవాడు కాదు. ఈ వాక్యం ఒక్కటి తెలిస్తే ఈ మోసంలో సగం చచ్చిపోతుంది. ఫోను తెరను దూరంనుండి చూసే 'ఎనీడెస్క్' వంటి యాప్‌లను వేసుకొమ్మని అడిగేవాడు కూడ ఈ ముఠాలోనివాడే. వాటిని అడ్డుపెట్టుకొని సాగే మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది.

మరొక ప్రమాదం గురించి కూడ చెప్పాలి. మన ఖాతాకు నిజంగానే సొమ్ము వచ్చినా, అది మరొకరిని మోసగించి తెచ్చిన సొమ్ము కావచ్చు. అప్పుడు పోలీసుల ఫిర్యాదుతో అమ్మినవాడి ఖాతా స్తంభించిపోతుంది. కనుక అమ్మిన వస్తువు, ధర, తేదీ, కొన్నవాడి వివరాలు ఒక కాగితం మీద వ్రాసి ఉంచుకోవడం మేలు. ఇక కొద్ది కమీషను ఆశ చూపి మన పాసుబుక్కును, ఏటీఎం కార్డును అడిగేవాడికి ఇస్తే, ఆ దొంగసొమ్ముకు మనమే సత్రం కట్టినట్లు. కూలివాడలలో పేదరికాన్ని ఆసరా చేసుకొని దళారులు ఇటువంటి ఖాతాలను సేకరిస్తున్నారు.

దేశరాజధాని పొరుగున

ఈ 'కెప్టెన్లు' ఎక్కడివారు? అందరూ ఒకచోటివారు కారు. కాని పేరు మోసిన స్థావరం ఒకటి ఢిల్లీకి కూతవేటు దూరంలోనే ఉన్నది. హర్యానాలోని నూహ్, రాజస్థాన్‌లోని అల్వర్, భరత్‌పూర్‌లు కలిసే మేవాత్ ప్రాంతం అది. భూమి త్రవ్వుతుంటే బంగారు ఇటుక దొరికిందని చెప్పి ఇత్తడి అంటగట్టే 'టట్లు' మోసానికి ఆ ప్రాంతం ఒకప్పుడు పేరుపొందింది. ఇటుక పోయి ఇంటర్నెట్ వచ్చింది. 2023 ఏప్రిల్ చివర సుమారు ఐదువేలమంది హర్యానా పోలీసులు నూహ్ జిల్లాలో 14 గ్రామాలపై ఒకేసారి దాడి చేశారు. అక్కడ దొరికిన ఫోన్లు, సిమ్ కార్డుల ఆధారంగా దేశవ్యాప్తంగా దాదాపు 28,000 మోసాల గుట్టు తెలిసిందని ఆపై నెలలో ప్రకటించారు. మూడు నెలలు తిరగకుండానే, జూలై 31న నూహ్‌లో చెలరేగిన మతకలహాలలో అల్లరిమూకలు సైబర్ పోలీసు ఠాణా మీద పడినవి.

దీన్ని చూపి ఒక ప్రాంతాన్నో, ఒక మతాన్నో నిందించేవారున్నారు. అది న్యాయం కాదు. ఢిల్లీ, గురుగ్రాముల మేడల నీడలో ఉండి కూడ, నీటి ఆగమం, చదువు, ఉద్యోగం లేని యువకులున్న ప్రాంతం అది. కాని పేదరికం పేదవాడినే దోచుకోవడానికి అనుమతిపత్రం కాజాలదు. లింబాయత్ నేతగాడు మేవాత్ యువకునికన్న ధనవంతుడేమీ కాడు.

చట్టం ఏమంటున్నది?

చట్టాలకు కొదువ లేదు. కంప్యూటరు సాధనంతో మారువేషం వేసి మోసగించినవాడికి సమాచార సాంకేతిక చట్టం 66-డి సెక్షను క్రింద మూడేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318, మారువేషపు మోసానికి 319 సెక్షన్లున్నవి. కాని ఈ చట్టాలు ఎట్లా పుట్టినవో పార్లమెంటు వార్తలు వ్రాసేవారికి జ్ఞాపకమే. 66-డి సెక్షనును చేర్చిన సవరణ బిల్లు 2008 డిసెంబరులో, బొంబాయి దాడులు జరిగిన నెలరోజులలో, గందరగోళం మధ్య, చర్చ లేకుండానే లోక్‌సభలో గట్టెక్కింది. అప్పుడున్నది కాంగ్రెసు నాయకత్వంలోని ప్రభుత్వం. న్యాయ సంహిత 2023 డిసెంబరులో, ఉభయసభలలో కలిపి 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెన్షనుకు గురై ఉన్న సమావేశంలో ఆమోదం పొందింది. అప్పుడున్నది భారతీయ జనతా పార్టీ ప్రభుత్వం. మోసపోయిన సామాన్యుడికి ఆసరా కావలసిన చట్టాల మీద తీరికగా మాట్లాడడానికి ఏ పక్షానికీ సమయం చిక్కలేదు.

చర్చ జరిగి ఉంటే కొన్ని ప్రశ్నలు వచ్చి ఉండేవి. సమాచార సాంకేతిక చట్టం క్రింద నేరాన్ని ఇన్‌స్పెక్టరు హోదాకు తగ్గని అధికారియే దర్యాప్తు చేయాలి. ఆరువేల రూపాయల కుట్టుమిషను కేసు కోసం సూరత్ నుండి ఒక ఇన్‌స్పెక్టరు మరో రాష్ట్రానికి పోతాడా? పోయినా, సిమ్ ఒక రాష్ట్రానిది, ఖాతా మరో రాష్ట్రానిది, మనిషి వేరొక రాష్ట్రంవాడు. చట్టం సరిహద్దు దగ్గర ఆగి ఉత్తరం వ్రాస్తుంది. సొమ్ము క్షణంలో మూడు సరిహద్దులు దాటుతుంది.

అంతకన్న పెద్ద ప్రశ్న మరొకటి. పోయిన సొమ్ము ఎవరి నష్టం? రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఖాతాదారు అనుమతి లేకుండా, అతని తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా సొమ్ము పోతే, మూడు పనిదినాలలోగా ఫిర్యాదు చేసినపక్షంలో అతనికి నష్టం ఉండదని అందులో చెప్పింది. ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోతే మాత్రం, బ్యాంకుకు తెలిపేవరకు జరిగిన నష్టం అతనిదే. మన ఇల్లాలు పిన్ తానే కొట్టింది. కనుక అది అనుమతి అయింది. సూరత్‌లో నామినేషను పత్రం మీద సంతకం మాది కాదంటే లోక్‌సభ స్థానపు ఎన్నికే ఆగింది. లింబాయత్ ఇల్లాలు మాత్రం, 'ఇవ్వడానికి కాదు, పుచ్చుకోవడానికి కొట్టా'నంటే వినే నాథుడు లేడు!

మోసంతో రాబట్టిన అనుమతి అనుమతి కాదన్న సూత్రం న్యాయశాస్త్రంలో క్రొత్తది కాదు. శ్రీ జయంత్ సిన్హా అధ్యక్షతన పార్లమెంటు ఆర్థిక స్థాయీసంఘం 2023 జూలైలో ఇచ్చిన నివేదిక ఈ విషయంలో ధైర్యమైన మాట చెప్పింది. దర్యాప్తు తేలేవరకు ఖాతాదారును వేచి ఉంచరాదని, ఆర్థిక సంస్థయే వెంటనే నష్టపరిహారం చెల్లించాలని, రిజర్వు బ్యాంకు అందుకు స్వయంచాలకమైన ఏర్పాటు చేయాలని సిఫార్సు చేసింది. సంఘంలో అధికార, ప్రతిపక్షాల వారిద్దరూ ఉన్నారు. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుండి ఇటువంటి నియమమే అమలులోకి వచ్చింది. మోసపోయి తన చేతితో సొమ్ము పంపిన ఖాతాదారుకు 85,000 పౌనుల వరకు తిరిగి ఇవ్వాలి. ఆ భారాన్ని పంపిన బ్యాంకు, పుచ్చుకొన్న బ్యాంకు చెరిసగం భరించాలి. దొంగకు ఖాతా తెరిచి ఇచ్చిన బ్యాంకు జేబుకు చిల్లు పడినప్పుడే ఆ బ్యాంకు కళ్ళు తెరుచుకొంటవన్నది అందులోని నీతి.

ఇట్లా చేస్తే ప్రజలలో అజాగ్రత్త పెరుగుతుందని బ్యాంకులవారు వాదిస్తారు. ఆ వాదంలో కొంత నిజం లేకపోలేదు. కాని ఏర్పాటులోని లోపాన్ని ఏర్పాటు చేసినవారే దిద్దగలరనడానికి మన దేశంలోనే ఉదాహరణ ఉన్నది. యూపీఐలో ఒక వ్యక్తి మరొక వ్యక్తిని సొమ్ము కోరుతూ 'కలెక్ట్' అభ్యర్థన పంపే సదుపాయం ఉండేది. కొనేవాడి వేషంలో వచ్చిన దొంగలకు అదే ప్రధాన ఆయుధమైనది. 2025 అక్టోబరు 1 నుండి వ్యక్తుల మధ్య ఆ సదుపాయాన్ని జాతీయ చెల్లింపుల సంస్థ ఒక సర్క్యులరుతో ఎత్తివేసింది. యూపీఐ పుట్టినది 2016లో. ఒక్క సర్క్యులరుకు తొమ్మిదేండ్లు పట్టింది. ఆ తొమ్మిదేండ్ల నష్టం ఎవరి నిర్లక్ష్యం ఖాతాలో వ్రాయాలి?

చేతులు కాలకముందే

క్యూఆర్ కోడ్ మోసం ఇంకా పోలేదు. కనుక పాఠకులకు కొన్ని మాటలు. వస్తువును కొనేవాడు స్వయంగా వచ్చి చూడాలి. నలుగురు తిరిగే చోటనే ఇవ్వాలి. నగదైతే లెక్క చూసుకొని, యూపీఐ అయితే మీ కోడును అతనిచేత స్కాన్ చేయించి, మీ బ్యాంకు ఖాతాలో జమ కనిపించిన తరువాతనే వస్తువు కదలాలి. ఎస్ఎంఎస్‌నూ, స్క్రీన్‌షాట్‌నూ నమ్మరాదు. తొందరపెట్టేవాడికి 'ఇంట్లో అడిగి చెబుతా'ననడం మంచి మందు.

మోసం జరిగిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోను చేయాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు వ్రాయాలి. బ్యాంకుకు తెలిపి ఆ ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. సందేశాలు, నంబర్లు, ఉత్తరాలు చెరపకూడదు. సిగ్గుపడి ఒక రాత్రి గడిపితే సొమ్ము పది ఖాతాలు మారుతుంది. 2021లో నెలకొల్పిన ఈ ఏర్పాటు ద్వారా రూ. 5,489 కోట్లకు పైగా దొంగల పాలు కాకుండా ఆపినట్లు హోం శాఖ 2025 జూలైలో తెలిపింది. మెచ్చుకోవలసిందే. అయితే నాలుగేండ్లలో ఆపినది, 2024 అనే ఒక్క సంవత్సరంలో పోయినదానిలో నాలుగవ వంతు కూడ లేదన్నది మరువరాదు.

కరీంనగర్ సభ్యుడు హోం శాఖలో, నవసారి సభ్యుడు మంత్రివర్గంలో కూర్చున్న సభలో, ఈ రెండు ఊళ్ళనూ కలిపే నేతగాళ్ళ తరఫున ఎవరైనా ఒక ప్రశ్న వేయడం కష్టం కాదు. 2023 నాటి స్థాయీసంఘం సిఫార్సును ఎంతవరకు పాటించారు? సొమ్ము పుచ్చుకొన్న ఖాతాను తెరిచి ఇచ్చిన బ్యాంకుకు నష్టంలో వాటా ఎంత? లింబాయత్‌లో తెలుగులో ఫిర్యాదు చెప్పుకొనే వీలు ఎక్కడ? తెలుగు రాష్ట్రాల సభ్యులు పార్టీల పట్టింపు విడిచి అడగదగిన ప్రశ్నలివి. జవాబు మంత్రి లేచి నిలబడి చెప్పదగినవి కూడ. సభ తీరిక చేసుకొనేవరకు మాత్రం, సామాను అమ్ముకొనే ఇల్లాలికి అక్కరకు వచ్చే చట్టం ఒక్కటే: సొమ్ము ఇస్తానన్నవాడు పిన్ కొట్టమన్నాడా, ఆ వ్రేలు అక్కడే ఆగాలి.